గ్లైసిన్ రెండు పీకులుగా వస్తుంటే: నా జీసీ-ఎంఎస్ అనుభవం

జీసీ-ఎంఎస్ (పదార్థాలను ఆవిరి రూపంలో విడదీసి, అయాన్ల బరువును బట్టి గుర్తించే పరికరం)లో ప్లాస్మా శాంపిళ్లలోని గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం ఒకరోజు 174 అయాన్‌తో (మూడు ట్రైమిథైల్‌సిలైల్ గుంపులు అతుక్కున్న రూపం), ఇంకోరోజు 102తో (రెండే అతుక్కున్న రూపం), ఒక్కోసారి రెండు పీకులుగా కనిపించేది. లైనర్ (శాంపిల్ ఆవిరయ్యే గాజు గొట్టం), కాలమ్ (పదార్థాలు విడిపోయే సన్నని గొట్టం), ఎంఎస్‌టీఎఫ్‌ఏ (ఆ గుంపులను అతికించే రియేజెంట్) సీసా అన్నీ మార్చాను, లాభం లేదు.

అసలు దొంగ మన విశాఖ తేమ. ఫ్రీజర్ నుంచి తీసిన వయల్‌ మూత వెంటనే విప్పితే లోపల చెమ్మ పట్టేది. ఆ నీరే రియేజెంట్‌ను తినేస్తుంది. ఇప్పుడు మూత విప్పకుండా అరగంట బయట ఉంచుతున్నాను. తర్వాత కొద్దిగా డైక్లోరోమీథేన్ వేసి, నైట్రోజన్ కింద మళ్లీ ఆరబెడతాను. అడుగున తెల్లటి పొర పొడిగా కనిపించాకే పిరిడిన్ అనే ద్రావణిలో కలిపిన మెథాక్సీఅమీన్ (ఎంఎస్‌టీఎఫ్‌ఏకు ముందు వేసే రియేజెంట్), 30 డిగ్రీల్లో 90 నిమిషాలు. ఆపైన ఎంఎస్‌టీఎఫ్‌ఏ, 37 డిగ్రీల్లో అరగంట.

మూడు వారాలుగా 174 నిలకడగా వస్తోంది. రెండు మార్పుల్లో ఏది పనిచేసిందో విడిగా చూడలేదు. మూత్రం శాంపిళ్లలో యూరియా గొడవ వేరు, అక్కడి సంగతి చెప్పలేను.