సూపర్‌హీరో కామిక్‌ని వెస్టర్న్‌లా చెప్పడం ఎలా?

1971లో కృష్ణ గారి ‘మోసగాళ్ళకు మోసగాడు’ వచ్చినప్పటి నుంచి టోపీ, గుర్రం, తుపాకీ మనకు కొత్త కాదు. అందుకేనేమో, సూపర్‌హీరో కథను వెస్టర్న్‌గా, అంటే కౌబాయ్ కథగా, చేద్దామనుకునేవాళ్లు హీరోకి వీపున వేలాడే కేప్ తీసేసి టోపీ పెడతారు, గుర్రం ఎక్కిస్తారు, పనైపోయిందనుకుంటారు. చూసి చెప్పమని నా దగ్గరికి వచ్చే పేజీలన్నీ ఒకే చోట చతికిలబడతాయి. చివర్లో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడే చోట. నేను ఆ చోటు గురించే ఎక్కువ చెబుతాను.

కావలసినవి

పెన్సిల్, బ్రష్ పెన్, నల్ల ఇంకు, కాస్త మందంగా ఉండే ఏ3 కాగితం. కంప్యూటర్‌లో గీసేవాళ్లకు క్రిటా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. స్కాన్ 600 డీపీఐలో చేయండి. రంగులు వద్దు, బూడిద షేడ్లూ వద్దు. ఎడారి ఎండని నలుపు తెలుపుల్లో చూపించినంత బాగా ఇంకెందులోనూ చూపించలేం.

మెట్టు 1: 24 పేజీల్లో ముగించండి

పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగేసి చొప్పున పెరుగుతాయి. 20 చాలవు, 28 అయితే కథ సాగుతుంది. హీరో ఊళ్లోకి వస్తాడు, పని చేస్తాడు, వెళ్లిపోతాడు. అతనికి శక్తి ఎలా వచ్చిందో చెప్పకండి. వెస్టర్న్‌లో ఊరికి వచ్చినవాడి గతం ఎవరూ అడగరు.

మెట్టు 2: గొడవ ఆ నేలలోంచే రావాలి

1880ల అరిజోనా తీసుకోండి. 1869లో అమెరికా రెండు వైపులనూ కలుపుతూ రైలు మార్గం పూర్తయింది. 1874లో జోసెఫ్ గ్లిడెన్ ముళ్లతీగకు పేటెంట్ తీసుకున్నాడు. అప్పటిదాకా పశువులు ఇష్టం వచ్చినట్టు తిరిగిన నేలకు కంచెలు పడ్డాయి. నీటిగుంట చుట్టూ ముళ్లతీగ వేసి, ఊరి పశువులను రానివ్వనివాడే మీ విలన్. బ్యాంకు దోపిడీ జోలికి పోకండి, అది ఎక్కడైనా జరిగే కథ.

మెట్టు 3: శక్తికి హద్దు గీయండి

హీరో ఎగరకూడదు. ఇందులో రాజీ లేదు. వెస్టర్న్ అంటేనే దూరం. ఊరికీ ఊరికీ మధ్య దూరం, మనిషికీ తుపాకీకీ మధ్య దూరం. ఎగిరేవాడికి దూరం లెక్కలేదు, గుండు తగలనివాడికి భయం లేదు. ఆ రెండూ పోతే మిగిలేది టోపీ ఒక్కటే.

నేను చేసిన ఒక కథలో హీరో గ్లవ్ తీసి వట్టి చేత్తో ఇనుమును పట్టుకుంటే అది కరిగిపోతుంది. పట్టుకుంటేనే. కరిగించిన ప్రతిసారీ కాసేపు వేళ్లు మొద్దుబారిపోతాయి. ఈ సంగతి ఎవరి నోటా చెప్పించలేదు. 6వ పేజీలో అతను రేకు కప్పుతో కాఫీ తాగుతుంటాడు. వేళ్లు పట్టు తప్పి కప్పు జారుతుంది, కాఫీ బల్ల మీదుగా కారుతుంది. మూల కూర్చున్న విలన్ అది చూస్తాడు. నాలుగు ప్యానెళ్లు (బొమ్మల గడులు), ఒక్క మాట లేదు.

మెట్టు 4: ఎదురెదురుగా నిలబడటం

ఇక్కడ తొందరపడితే ఇంత కష్టమూ వృథా.

అరిజోనాలోని టూమ్‌స్టోన్ ఊళ్లో 1881 అక్టోబర్ 26న జరిగిన ఓకే కొరాల్ కాల్పులు సుమారు 30 సెకన్లలో ముగిశాయి. నిజంలో అంతే వేగం. కథలో మాత్రం ఆ క్షణాన్ని సాగదీయాలి. సినిమాకైతే సంగీతం ఉంది, కెమెరా ఉంది. కామిక్‌లో కాలం పాఠకుడి చేతిలో ఉంటుంది. దాన్ని ఆపడానికి మన దగ్గర ఉన్నవి రెండే: ప్యానెళ్ల సంఖ్య, పేజీ తిప్పడం.

పుస్తకంలో 1వ పేజీ కుడివైపు వస్తుంది. కాబట్టి 18, 19 పేజీలు పక్కపక్కన ఒకేసారి కనిపిస్తాయి, 20 మాత్రం తిప్పితేనే కనిపిస్తుంది. ఎదురుచూపు 18, 19లో, ఫలితం తేలడం 20లో. ఇది తప్పకూడదు. ఒకసారి నేను చివరి నిమిషంలో మొదట్లో అంకితం పేజీ చేర్చాను. పేజీలన్నీ ఒకటి ముందుకు జరిగాయి. ఎదురుచూపు, ముగింపు పక్కపక్కన అచ్చయ్యాయి. చదివేవాళ్ల కళ్లు ముందు ముగింపు మీదే పడ్డాయి. మూడు నెలల పని పోయింది.

18వ పేజీ పైభాగంలో పేజీ వెడల్పంతా ఒకే ప్యానెల్ పెట్టండి. వీధి, ఇద్దరు చిన్న మనుషులు, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలో ఏమీ గీయకండి. హీరో ఎడమవైపు ఉంటే చివరిదాకా ఎడమవైపే. మధ్యలో వైపు మారిస్తే ఎవరు ఎవరివైపు నడుస్తున్నారో తెలియదు.

19లో తొమ్మిది చిన్న ప్యానెళ్లు. ఎవరో మూసేస్తున్న కిటికీ. గుర్రం చెవి. విప్పిన గ్లవ్. సరిగ్గా ముడవని వేళ్లు. విలన్‌కి ఆ వేళ్ల సంగతి తెలుసు కాబట్టి తొందరపడడు, దగ్గరికి రానిస్తాడు. ఆఖరి ప్యానెల్‌లో హీరో నీడ వెళ్లి విలన్ బూటును తాకుతుంది, ట్రిగ్గర్ మీద వేలు బిగుస్తుంది.

ఈ రెండు పేజీల్లో మాటలు వద్దు, ‘ఢాం’ అని శబ్దాలు వద్దు, ‘అతని గుండె వేగంగా కొట్టుకుంటోంది’ లాంటి వ్యాఖ్యానం అసలే వద్దు. రాయాలనిపిస్తే బొమ్మ సరిగా రాలేదని అర్థం.

20వ పేజీ అంతా ఒక్క బొమ్మ. తుపాకీ గొట్టాన్ని పట్టుకున్న చెయ్యి, వేళ్ల సందుల్లోంచి కారుతున్న ఇనుము. మెరుపులు, కాంతి కిరణాలు గీయకండి.

మెట్టు 5: అక్షరాలు

ఇంగ్లీషు కామిక్ కొలతలతో బెలూన్లు (పాత్రల మాటలు రాసే బుడగలు) గీస్తే తెలుగు పట్టదు. పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. వరుసల మధ్య జాగా పెంచండి, మాటలు తగ్గించండి. బెలూన్‌కి పన్నెండు మాటలు దాటనివ్వకండి.

ఇంకు పెట్టేముందు

ఆరు తెల్లకాగితాలను సగానికి మడిచి పిన్ను కొడితే 24 పేజీల పుస్తకం అవుతుంది. అందులో పెన్సిల్‌తో గబగబా గీసి, కథ తెలియనివాళ్ల చేతిలో పెట్టండి. మొహం చూడకండి, చెయ్యి చూడండి. 19వ పేజీ అంచు పట్టుకున్న వేలు ఒక్క క్షణమైనా ఆగాలి. ఆగకపోతే మళ్లీ 18 నుంచి గీయండి.