వాంతులు తగ్గినా పిల్లాడి కడుపు కుదుటపడటం లేదా? ఇలా చేసి చూడండి

జ్వరం పోయింది, వాంతులు ఆగాయి, పిల్లాడు మళ్లీ ఇల్లంతా పరిగెడుతున్నాడు, కానీ డైపర్ విప్పితే మాత్రం ఇంకా నీళ్లే. మా వాడికి ఏడాదిన్నర వయసులో అచ్చం ఇదే జరిగింది. పాలు తాగిన కాసేపటికే పొట్ట ఉబ్బి గుడగుడమనేది, ఆ వెంటనే నురగ నురగగా, పుల్లటి వాసనతో విరేచనం, పిర్రలు ఎంత కందిపోయాయంటే నీళ్లు తగిలితే చాలు కెవ్వుమనేవాడు. ఇంట్లో ఒకరు దిష్టన్నారు, ఒకరు పళ్లొస్తున్నాయన్నారు.

అసలు సంగతి పేగుల్లో ఉంది. చిన్నపేగు లోపలి గోడ టర్కీ టవల్‌లా సన్నని పోగులతో నిండి ఉంటుంది. రోటా లాంటి వైరస్‌లు ఆ పోగుల కొసలను దెబ్బతీస్తాయి. పాలలో ఉండే లాక్టోజ్ అనే చక్కెరను అరిగించే ఎంజైమ్ ఉండేది ఆ కొసల్లోనే. వైరస్ పోయినా అవి మళ్లీ ఎదగడానికి వారం నుంచి కొన్ని వారాలు పడుతుంది, ఈలోగా అరగని చక్కెర పెద్దపేగులోకి చేరి పులిసి గ్యాస్ పుట్టిస్తుంది, నీళ్లను లాగుతుంది. పిర్రలు కందేది కూడా ఆ పులుపుకే.

1. ముందు ఇవి చూడండి

విరేచనంలో రక్తం, ఆరేడు గంటలుగా ఉచ్చ పోయకపోవడం, కళ్లు లోపలికి పోవడం, ఏడ్చినా కన్నీళ్లు రాకపోవడం, మత్తుగా పడుకోవడం, ఆకుపచ్చగా వాంతి, మళ్లీ జ్వరం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇక చదవడం ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పిల్లాడు హుషారుగానే ఉన్నా, విరేచనాలు 14 రోజులు దాటినా బరువు తగ్గుతున్నా చూపించాల్సిందే.

2. ఓఆర్ఎస్, జింక్

ఓఆర్ఎస్ (నీళ్లలో కలిపి తాగించే ఉప్పు, చక్కెరల పొడి) ప్యాకెట్ మీద లీటరుకని ఉంటే లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి కలపండి, సగం పొడి సగం నీళ్లు అని అంచనాగా కలపొద్దు, కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి. రెండేళ్లలోపు పిల్లలకు నీళ్ల విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, చెంచాతో కొంచెం కొంచెంగా. ఓఆర్ఎస్ అని పేరు పెట్టి అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి డ్రింకులు వేరు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి డ్రింకులకు ఆ పేరు వాడకూడదని చెప్పింది. ఆ డ్రింకుల్లోని చక్కెర విరేచనాలను ఇంకా పెంచుతుంది, పండ్ల రసాలూ కూల్‌డ్రింకులూ అంతే.

ఆరు నెలలు దాటిన పిల్లలకు డాక్టర్లు రోజుకు 20 మిల్లీగ్రాముల జింక్ 14 రోజులు రాస్తారు. విరేచనాలు ఆగాయి కదా అని చాలామంది నాలుగో రోజే మానేస్తారు, అది తప్పు, మొత్తం వాడాలి.

3. కడుపు మాడ్చకండి

మనవాళ్లు ఎక్కువగా పొరపాటు చేసేది ఇక్కడే. "కడుపుకు విశ్రాంతి" అంటూ వారం రోజులు పల్చటి జావ మీదే ఉంచితే పేగు కోలుకోవడానికి కావాల్సిన బలం ఎక్కడి నుంచి వస్తుంది? పెసరపప్పు కిచిడీ మెత్తగా వండి చెంచాడు నెయ్యి వేసి పెట్టండి, ఇడ్లీ, పెరుగన్నం, బాగా పండిన అరటిపండు, ఉడికించిన గుడ్డు, ఏది తింటే అది. తినకపోతే బలవంతం చేయకండి, రెండు గంటలాగి మళ్లీ కొంచెం పెట్టండి. తగ్గాక రెండు వారాల పాటు రోజుకు ఒక పూట అదనంగా పెడితే పోయిన బరువు తిరిగొస్తుంది.

4. పాల సంగతి

తల్లిపాలు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపొద్దు. గేదె, ఆవు, ప్యాకెట్ పాలు అందరికీ ఆపక్కర్లేదు, పాలు తాగిన ప్రతిసారీ పొట్ట ఉబ్బడం, గుడగుడ, పుల్లటి వాసనతో నురగ విరేచనం కనిపిస్తేనే ఒకటి రెండు వారాలు ఆపండి. పెరుగు, మజ్జిగ చాలామందికి పడతాయి, తోడుకునేటప్పుడే లాక్టోజ్ కొంత తగ్గుతుంది కాబట్టి. ఏడాదిలోపు పిల్లలు డబ్బాపాల మీదే ఉంటే సొంతంగా మార్చకండి, డాక్టర్‌ను అడగండి.

5. మందుల షాపు వైద్యం వద్దు

విరేచనాలు ఆపే మాత్రలు పసిపిల్లలకు ప్రమాదం. యాంటీబయాటిక్స్ వైరస్‌ను ఏమీ చేయలేవు, పైగా వాటివల్లే విరేచనాలు పెరగొచ్చు. పిర్రలకు సబ్బు మానేసి గోరువెచ్చటి నీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది, జింక్ ఆక్సైడ్ క్రీమ్ మందంగా రాసి, రోజుకు కాసేపు డైపర్ లేకుండా వదిలేయండి. మా వాడికి రెండు రోజుల్లో ఎరుపు దిగిపోయింది.

6. పాలు మళ్లీ మొదలుపెట్టడం

విరేచనం గట్టిపడి నాలుగైదు రోజులయ్యాక మొదటిరోజు పావు గ్లాసు, అది కూడా అన్నం తిన్నాక. రెండు రోజులు బాగుంటే సగం గ్లాసు. మళ్లీ పుల్లటి వాసన, గుడగుడ మొదలైతే కంగారు పడకండి, పెరుగు మీదే ఉంచి ఇంకో వారం ఆగి మళ్లీ పావు గ్లాసుతో చూడండి.