135 ఎంఎం ఎఫ్/2 లెన్స్ మాక్రోకి పనికొస్తుందా? సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

కెనన్ ఈఎఫ్ 135 ఎంఎం ఎఫ్/2 ఎల్ లాంటి లెన్స్ చేతిలో ఉంటే మాక్రోకి, అంటే పురుగుల్లాంటి చిన్నవాటిని పెద్దగా తీసే ఫొటోలకి, మళ్లీ ఖర్చెందుకు అనిపించడం సహజం. పోర్ట్రెయిట్లలో దానికి వంక పెట్టలేం. కానీ ఎఫ్/2 అనేది ఎంత వెలుతురు వస్తుందో చెప్పే అంకె. పురుగు ఎంత పెద్దగా పడుతుందో అది చెప్పదు.

సమస్య: ఎంత దగ్గరికి వెళ్లినా పురుగు చిన్నగానే పడుతోంది

కారణం: ఈ లెన్స్ 90 సెంటీమీటర్ల కంటే దగ్గర ఫోకస్ అవదు. అక్కడ మాగ్నిఫికేషన్ 0.19 మాత్రమే. అంటే సెంటీమీటరు పురుగు సెన్సర్ మీద 2 మిల్లీమీటర్లు కూడా ఉండదు. అసలైన మాక్రో లెన్స్‌లో అది సెంటీమీటరుగానే పడుతుంది. దీన్నే 1:1 అంటారు.

ఏ లెన్స్‌నైనా పరీక్షించడానికి పిల్లల స్కేలు చాలు. ఫోకస్ రింగ్‌ను అతి దగ్గరికి తిప్పి స్కేలును ఫొటో తీయండి. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో (సెన్సర్ 36×24 మిల్లీమీటర్లు) అడ్డంగా 36 మిల్లీమీటర్లే కనబడితే అది 1:1 మాక్రో. 18, 19 సెంటీమీటర్లు కనబడితే సంగతి అర్థమైనట్టే. కొనేముందు షాపులోనే చూసుకోవచ్చు.

పరిష్కారం: 25 ఎంఎం ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ (కెమెరాకీ లెన్స్‌కీ మధ్య బిగించే ఖాళీ గొట్టం) వేస్తే మాగ్నిఫికేషన్ దాదాపు 0.4కి చేరుతుంది. దూరంగా ఉన్నవి మాత్రం ఫోకస్ అవవు. ఎలక్ట్రానిక్ కాంటాక్టులు లేని చవక ట్యూబులు వద్దు. వాటితో అపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం) మార్చలేక ఎఫ్/2 దగ్గరే ఇరుక్కుంటారు. ముందు బిగించే క్లోజప్ లెన్స్ ఇంకో దారి. కెనన్ 500డి పెట్టి ఫోకస్ ఇన్ఫినిటీలో (అతి దూరంలో) ఉంచితే 135 మీద 0.27, 200 ఎంఎం మీద 0.4 వస్తుంది. అందుకే పొడవాటి లెన్స్‌కి క్లోజప్ లెన్స్, పొట్టిదానికి ట్యూబ్ అంటాను.

సమస్య: కన్ను షార్ప్‌గా ఉంది, మిగతాదంతా మసక

కారణం: 1:1 దగ్గర ఎఫ్/2.8లో స్పష్టంగా ఉండే మందం మిల్లీమీటరులో మూడో వంతే. ఎఫ్/11లో కూడా 1.3 మిల్లీమీటర్లు. డబ్బు పోసి కొన్న ఎఫ్/2 ఇక్కడ ఫోకస్ చూసుకోవడానికి తప్ప అక్కరకు రాదు.

పరిష్కారం: ఎఫ్/8 నుంచి ఎఫ్/11, తోడుగా డిఫ్యూజర్ (వెలుతురును మెత్తబరిచే తెర) ఉన్న ఫ్లాష్. అపర్చర్ ఇంకా మూసేస్తే డిఫ్రాక్షన్ (సన్నని రంధ్రంలో వెలుతురు వంగి చెదరడం) వల్ల ఫొటో మొత్తం మెత్తబడుతుంది. కదలనివాటికి ఫోకస్ స్టాకింగ్ చేసుకోండి, అంటే ఫోకస్ కొద్దికొద్దిగా మారుస్తూ తీసిన ఫొటోలను ఒకటిగా కలపడం.

సమస్య: మెరిసే అంచుల చుట్టూ ఊదా, ఆకుపచ్చ రంగులు

ఫోకస్‌కి ముందూ వెనకా రంగులు విడిపోవడం ఇది, అపర్చర్ పూర్తిగా తెరిచినప్పుడే ఎక్కువ. ఎఫ్/5.6 దాటితే బాగా తగ్గుతుంది.

సమస్య: ఆటోఫోకస్ ముందుకీ వెనక్కీ తిరుగుతూనే ఉంది

ఆపేయండి. మాన్యువల్‌లో రింగ్ కదపకుండా మీరే కొంచెం ముందుకీ వెనక్కీ ఊగుతూ, షార్ప్ అయిన క్షణంలో నొక్కండి.

మరి ఉంచుకోవాలా, మాక్రో కొనాలా? సీతాకోకచిలుకలు, తూనీగలైతే ట్యూబ్ వేసిన 135 చాలు. ఆరు సెంటీమీటర్ల రెక్కలు 0.4 దగ్గరే ఫ్రేమ్ ఎత్తంతా నింపేస్తాయి. చీమ ముఖమో, నాణెం మీది అచ్చో కావాలంటే మాత్రం ట్యూబులతో కుస్తీ పట్టకుండా సెకండ్‌హ్యాండ్ 100 ఎంఎం ఎఫ్/2.8 మాక్రో చూసుకోండి.