పి-వాల్యూ మరీ చిన్నగా వచ్చిందా? ముందు గుంటలు లెక్కపెట్టండి

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటల్లో ప్రాజెక్టు చేసే డిగ్రీ పిల్లలు పట్టుకొచ్చే సమస్యలు ఎక్కువగా రెండే. టి-టెస్టు, అంటే రెండు గ్రూపుల సగటులు పోల్చే టెస్టు, చేయడం వచ్చనే అనుకుని రాస్తున్నాను.

సమస్య: పి-వాల్యూ (నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా కనిపించే అవకాశం) 0.05 కంటే తక్కువ, అయినా 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్‌లో (అసలు తేడా ఉండగల హద్దుల్లో) సున్నా ఉంది.
మీరు టెస్టు వన్-టెయిల్డ్ (ఒక దిశలో తేడానే చూసేది) పెట్టి, ఇంటర్వెల్ రెండు వైపులా తీసుంటారు. డేటా చూడకముందే దిశ రాసిపెట్టుకోకపోతే టూ-టెయిల్డ్ పెట్టండి, రెండూ కలుస్తాయి. సాఫ్ట్‌వేర్‌ను తిట్టేముందు దయచేసి ఈ ఒక్క సెట్టింగ్ చూడండి.

సమస్య: పి-వాల్యూలో అన్నీ సున్నాలే, ఇంటర్వెల్ సన్నగా ఉంది, కానీ వచ్చే పంటకు అదే మేత వేస్తే తేడా కనిపించదు.

అసలు ముంచేది ఇదే. పాత మేత నాలుగు గుంటలకు, కొత్త మేత నాలుగు గుంటలకు వేశారనుకుందాం. ఒక్కో గుంటలో విసురు వల వేసి 50 రొయ్యలు తూచారు, అంటే అటు 200, ఇటు 200. సగటు తేడా 1.5 గ్రాములు, స్టాండర్డ్ డీవియేషన్ 3 గ్రాములు. స్టాండర్డ్ ఎర్రర్ 0.3, ఇంటర్వెల్ సుమారు 0.9 నుంచి 2.1. చూస్తే తిరుగులేని ఫలితం.

కానీ మేత వేసింది గుంటకు, రొయ్యకు కాదు! ఒక గుంటలో ఉన్నవన్నీ ఒకే నీళ్లు, ఒకే సీడు, ఒకే రైతు చేయి. రాత్రి కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే యాభైకి యాభై కలిసే దెబ్బతింటాయి. ఫార్ములాకు ఇవేమీ తెలియవు, 200 అని ఇస్తే ఒకదానితో ఒకటి సంబంధంలేని 200 కొలతలనే నమ్ముతుంది. 1984లో హర్ల్‌బర్ట్ అనే ఎకాలజిస్టు దీనికి సూడోరెప్లికేషన్ అని పేరు పెట్టాడు, ఇప్పటికీ జరుగుతూనే ఉంది.

పరిష్కారం: గుంటకు ఒక్క సగటు తీసి, వాటి మీద టెస్టు చేయండి. పాత మేత గుంటలు 17, 19, 22, 18. కొత్తవి 20, 21, 18, 23 గ్రాములు. తేడా అదే 1.5. కానీ ఇప్పుడు స్టాండర్డ్ ఎర్రర్ కూడా 1.5, టి విలువ 1, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 6 కాబట్టి టేబుల్ విలువ 2.447. ఇంటర్వెల్ మైనస్ 2.2 నుంచి 5.2, పి-వాల్యూ దాదాపు 0.36. అలాగని కొత్త మేత దండగ అని రాసేయకండి, 5 గ్రాముల లాభం కూడా ఆ ఇంటర్వెల్‌లోనే ఉంది. ఎనిమిది గుంటలతో తేల్చలేకపోయాం, అంతవరకే రాయండి.

మేతకు ఒక్క గుంటే ఉంటే ఏ టెస్టూ కాపాడదు, ఆ గుంటలో 500 రొయ్యలు తూచినా సరే. రొయ్యలు తగ్గించి గుంటలు పెంచండి, ఏ గుంటకు ఏ మేతో చీటీలు తీసి తేల్చండి. ఒక్కో రైతు దగ్గర రెండు గుంటలు తీసుకుని చెరొక మేత వేసుంటే, ఒక్కో రైతు జతలో తేడా చూసే పెయిర్డ్ టెస్టు చేయండి.

ఇక రెండు గ్రూపుల వేరియన్స్ (విలువల చెదురు) బాగా తేడాగా ఉంటే, అవి సమానమని అనుకోని వెల్చ్ టెస్టు పెట్టి ముందుకెళ్లండి. 190 గ్రాముల రొయ్య కనిపిస్తే, అది 19 టైపు చేయబోయి పడిన సున్నా.