బార్ అసోసియేషన్ నడిపేవారికి: ఎక్కడ చిక్కు, ఎవరి సాయం

కోర్టులో లాయర్ల సంఘమే బార్ అసోసియేషన్. దాని కార్యవర్గానికి చాలాచోట్ల గడువు ఏడాదే. పని అర్థమయ్యేసరికి మళ్లీ ఎన్నికలు వస్తాయి. కొత్తగా గెలిచిన అధ్యక్షులకు, కార్యదర్శులకు ముందుగా తగిలే చిక్కులు ఇవి.

సమస్య: కొత్త కోశాధికారి సంతకాన్ని బ్యాంకు ఒప్పుకోవడం లేదు.
కారణం: ఫలితాలు ప్రకటించారు గానీ సంతకాల మార్పుకు తీర్మానం రాయలేదు.
పరిష్కారం: మొదటి సమావేశంలోనే తీర్మానం చేసి, మినిట్స్ (సమావేశంలో రాసుకున్న నిర్ణయాలు) నకలు బ్యాంకుకు ఇవ్వండి. సంఘం సొసైటీగా రిజిస్టరై ఉంటే కొత్త కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్‌కూ చేరాలి.

సమస్య: తోటి లాయరు చనిపోయారు. కుటుంబానికి సంక్షేమ నిధి డబ్బు రావడం లేదు.
కారణం: బార్ కౌన్సిల్‌లో లాయరుగా ఎన్‌రోల్ అయితే నిధిలో సభ్యత్వం కూడా వచ్చేసినట్టేనని చాలామంది అనుకుంటారు. రెండూ వేరు. వకాలత్‌కు (కక్షిదారు లాయరుకు రాసిచ్చే అధికార పత్రానికి) ఏళ్ల తరబడి ఈ నిధి కోసం వెల్ఫేర్ స్టాంపులు అంటించినవారు కూడా తమ పేరు నిధిలో ఉందో లేదో చూసుకోరు. ఉన్నా నామినీగా పెళ్లికి ముందు రాసిన తండ్రి పేరే ఉండిపోతుంది. ఆయన కూడా పోయి ఉంటే వారసత్వ పత్రాల కోసం ఆ ఇంటివాళ్లు తిరగాలి.
పరిష్కారం: ఏటా చందా కట్టించుకునేటప్పుడే ఎన్‌రోల్‌మెంట్ నంబరు, నిధి సభ్యత్వం, నామినీ పేరు ఒక రిజిస్టర్లో రాయించండి. లేనివారి చేత అక్కడికక్కడే దరఖాస్తు పెట్టించండి. ఎవరైనా పోతే వాళ్ల భార్యో, కొడుకో కోర్టు చుట్టూ తిరిగేదాకా ఆగకండి. ఇద్దరు సభ్యులను ఇంటికి పంపి, పత్రాలు పోగుచేసి, క్లెయిమును రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు సంఘమే పంపాలి. రసీదు దాచండి, డబ్బు చేతికందేదాకా వెంటపడండి. నా దృష్టిలో సంఘం చేసే పనుల్లో దీనికి మించింది లేదు.

సమస్య: విధులు బహిష్కరిద్దామని సభ్యుల ఒత్తిడి.
కారణం: చాలాసార్లు కోపం నిజమైనదే. దాన్ని చెప్పుకునే చోటే తెలియదు. అయితే లాయర్లకు సమ్మె హక్కు లేదని 2002లో హరీశ్ ఉప్పల్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మధ్యలో నష్టపోయేది వాయిదాకు ఊరి నుంచి బస్సెక్కి వచ్చిన కక్షిదారు.
పరిష్కారం: 2023 ఏప్రిల్‌లో డెహ్రాడూన్ జిల్లా బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు ప్రతి హైకోర్టులో ప్రధాన న్యాయమూర్తి అధ్యక్షతన ఫిర్యాదుల పరిష్కార కమిటీ వేయమంది. జిల్లా స్థాయిలోనూ అలాంటిది ఆలోచించమంది. ముందు ప్రిన్సిపల్ జిల్లా జడ్జిని కలవండి. అక్కడ తేలకపోతే ఆ కమిటీకి రాయండి. "ఇబ్బంది పడుతున్నాం" అని రాస్తే పని జరగదు. తేదీ, కేసు నంబరు, జరిగింది వరుసగా ఉండాలి.

సమస్య: ఒకే లాయరు రెండు బార్లలో ఓటు వేస్తున్నారని గొడవ.
పరిష్కారం: ఒక లాయరు ఒకే బారులో ఓటు వేయాలన్న ('వన్ బార్, వన్ ఓట్') నియమాన్ని సుప్రీంకోర్టు 2011లో బి.డి. కౌశిక్ కేసులో సమర్థించింది. ఓటర్ల జాబితాకు ముందే ఇంకో బారులో ఓటు వేయడం లేదని అందరి దగ్గరా డిక్లరేషన్ తీసుకోండి.

సమస్య: బాగా పనిచేసే జూనియర్ కోర్టుకు రావడం మానేశారు.
కారణం: రాబడి లేక టెన్షన్, ఒక్కోసారి తాగుడు. అడిగితే ఏమీ లేదంటారు.
పరిష్కారం: నలుగురిలో అడగకండి. ఆ జూనియర్ నమ్మే సీనియర్ ఒకరు విడిగా మాట్లాడాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. రోజంతా అందరి గొడవలూ వినే అధ్యక్షులు, కార్యదర్శులకు కూడా అది అవసరం పడొచ్చు. బార్ రూమ్ నోటీసు బోర్డు మీద ఆ నంబరు పెద్దక్షరాల్లో రాయించండి.