చెక్క కోసే ముందు: ఫుల్‌రేంజ్ స్పీకర్ సొంతంగా చేసుకునేవారికి జాగ్రత్తలు

ఫుల్‌రేంజ్ స్పీకర్ అంటే దాదాపు అన్ని స్వరాలనూ ఒకే డ్రైవర్‌తో (కోన్ అనే గరాటు ఆకారపు పొర కదిలి శబ్దం పుట్టించే భాగం) వినిపించేది. ఆ డ్రైవర్ ఎంచుకోకుండా చెక్క కోయకండి. పెట్టె లోపలి ఘనపరిమాణాన్ని తేల్చేది డ్రైవర్ డేటాషీట్‌లోని క్యూటీఎస్ (Qts: కోన్ ఊగిసలాట ఎంత త్వరగా అణుగుతుందో చెప్పే అంకె), వీఏఎస్ (Vas: కోన్‌ను పట్టి ఉంచే భాగం ఎంత మెత్తనో గాలి ఘనపరిమాణంగా చెప్పే అంకె) విలువలే. క్యూటీఎస్ సుమారు 0.4 లోపు ఉంటే పోర్టు పెట్టె (గాలి బయటికి వచ్చే గొట్టం ఉన్నది) నప్పుతుంది. 0.4–0.7 మధ్య అయితే మూసిన పెట్టె, అంతకు మించితే వెనుక తెరిచి ఉన్న పలక. ఇక్కడ లెక్క తప్పితే చెక్క, శ్రమ రెండూ వృథా.

డ్రైవర్, పోర్టు గొట్టం, లోపలి అడ్డుపట్టీలు ఆక్రమించే చోటు కూడా లెక్కలో వేయండి. చిన్న పెట్టెలో ఆ తేడా బాగా తెలుస్తుంది.

3 అంగుళాల డ్రైవర్ నుంచి లోతైన బాస్ ఆశించకండి. కోన్ కదలికకు హద్దుంది. గొంతు, వీణ మాత్రం దాంట్లో ఎంత హాయిగా వినిపిస్తాయో!

ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో అదిమి చేసిన పలక) అయితే 18 మి.మీ. మందం తీసుకోండి, పెట్టె తక్కువగా అదురుతుంది. అంచులో స్క్రూ వేసే ముందు సన్నని రంధ్రం చేయాలి, లేకపోతే పొరలుగా చీలుతుంది. తడి తగిలితే ఉబ్బుతుంది కాబట్టి అంచులకు సీలర్ తప్పనిసరి.

ప్లైవుడ్ అయితే కోసిన అంచును దగ్గరగా చూడండి. పొరల మధ్య ఖాళీలుంటే అక్కడే గరగర మొదలవుతుంది.

ముందు పలక రంధ్రాన్ని వెనుక వైపు ఏటవాలుగా చెక్కండి. మందపాటి పలకలో చిన్న డ్రైవర్ బిగిస్తే కోన్ వెనుక గాలికి దారి ఉండదు, మధ్యస్థాయి స్వరాలు మూసుకుపోయినట్టు వినిపిస్తాయి. నా మొదటి జతలో ఇదే జరిగింది.

ఎండీఎఫ్ కోసేటప్పుడు మంచి మాస్క్ పెట్టుకోండి, ఆ పొడి ఊపిరితిత్తులకు హాని.