భయం వేసిన రాత్రి దేవుణ్ణి ఎలా నమ్ముకోవాలి

ఇది చదువుతున్నారంటే మీ ఇంట్లో ఏదో జరుగుతూ ఉండవచ్చు. బయాప్సీ రిపోర్టు రావాల్సి ఉండవచ్చు, ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో ఇంకా చెప్పి ఉండకపోవచ్చు, అప్పులవాళ్ళ ఫోన్లు ఎత్తలేక సైలెంట్‌లో పెట్టి ఉండవచ్చు. దానికి తోడు "ఇన్నేళ్ళుగా మందిరానికి వెళ్తున్నావు, నీకు ఇంత భయమేంటి" అని లోపలినుంచి ఇంకో పోటు. ముందు ఆ రెండో భారాన్ని దించేయండి. భయం వేసినంత మాత్రాన మీ విశ్వాసం పోయినట్టు కాదు. గెత్సేమనే తోటలో యేసు ప్రభువే తన ప్రాణం చచ్చేంత దుఃఖంలో మునిగిపోయిందని శిష్యులతో చెప్పుకున్నాడు, ఈ గిన్నె నా దగ్గరనుంచి తొలగించు తండ్రీ అని అడిగాడు, మూడుసార్లు వెళ్ళి ప్రార్థన చేశాడు. ఆయనే అడిగినప్పుడు మనం అడగడానికి సిగ్గెందుకు?

నాకు ఈ సంగతి అర్థమైంది మా అమ్మను చూశాకే. కొన్నేళ్ళ క్రితం నాన్నకు బైపాస్ చేసిన రాత్రి మేమిద్దరం ఐసీయూ బయట ఇనప కుర్చీల్లో కూర్చున్నాం, లోపలినుంచి నర్సు వచ్చి ఎవరి పేరు పిలిచినా అక్కడున్న వాళ్ళందరం ఒక్కసారిగా లేచి నిలబడేవాళ్ళం. అమ్మ మా సంఘంలో స్త్రీల కూడికలో ప్రార్థన చేస్తే అందరూ కళ్ళు తుడుచుకునేవారు, అంత చక్కటి మాటలు వచ్చేవి ఆమెకి. ఆ రాత్రి వాటిలో ఒక్కటీ రాలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, దాదాపు గొణుగుతున్నట్టు, "ప్రభువా, నాకు భయంగా ఉంది. పొద్దున్నకి లక్షా ఎనభై వేలు కట్టమన్నారు, నా దగ్గర నలభై ఉన్నాయి. ఈయన లేకపోతే నేను ఉండలేను. నువ్వున్నావా ఇక్కడ?" అంది. అంతే. ఆమేన్ కూడా అనలేదు. నేను విన్న ప్రార్థనల్లో అంత నిజమైనది ఇంకోటి లేదు.

కాబట్టి మొదట చేయాల్సింది, భయానికి పేరు పెట్టండి. "మా కుటుంబాన్ని కాపాడండి ప్రభువా" అని ఊరికే అనేయకండి. ఒక కాగితం తీసుకుని ఏది జరుగుతుందని భయపడుతున్నారో ఉన్నది ఉన్నట్టు రాయండి. ఎంత డబ్బు, ఏ తారీకు, ఎవరి ముఖం చూడలేరు, అన్నీ. పేరు లేని భయం రాత్రిపూట ఇల్లంతా నిండిపోతుంది, రాసేశాక అదే భయం ఆరేడు లైన్లకి దిగుతుంది. తర్వాత ఆ కాగితం ముందు పెట్టుకుని ఒక్కొక్క లైను దేవుడికి పైకి చదివి వినిపించండి. హిజ్కియా రాజు చేసింది ఇదే, అష్షూరు రాజు పంపిన బెదిరింపు ఉత్తరాన్ని తీసుకెళ్ళి మందిరంలో యెహోవా సన్నిధిలో విప్పి పరిచాడు. మీ లోన్ నోటీసు కూడా పరచవచ్చు.

మాటలు రాకపోతే కీర్తనలు అరువు తెచ్చుకోండి. మనకి 23వ కీర్తన, 91వ కీర్తన కంఠతా వచ్చు, మంచిదే, కానీ కష్టంలో ఉన్నప్పుడు 13, 56, 88 కూడా తెరవండి. 13వ కీర్తనలో ఉన్నవి ఆరే వచనాలు. మొదటి రెండు వచనాల్లోనే దావీదు ఎన్నాళ్ళు, ఎంతవరకు అని మళ్ళీ మళ్ళీ దేవుణ్ణి నిలదీస్తాడు. 56వది దావీదు గాతులో ఫిలిష్తీయులకి చిక్కినప్పటిది, భయం కలిగే రోజున నిన్నే ఆశ్రయిస్తాను అని ఉంటుంది అందులో. భయమే వేయదు అనలేదు చూడండి, భయం వేసే రోజున ఏం చేస్తాడో చెప్పాడు. 88వ కీర్తన అయితే చీకట్లోనే ముగిసిపోతుంది, చివర్లో స్తుతి కూడా లేదు, అయినా దాన్ని బైబిల్లోంచి ఎవరూ తీసేయలేదు. అంత చీకటి ప్రార్థననీ దేవుడు వింటాడని తెలిసినప్పుడు నాకు ఎంత ఊరట కలిగిందో చెప్పలేను. వీటిని మనసులో కాదు, పైకి, నెమ్మదిగా చదవండి. "నా శత్రువు" అని వచ్చిన చోట మీ కాగితంలోని లైను పెట్టుకుని చదవండి.

వాగ్దానాల గురించి ఒక మాట. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో మనందరం వాగ్దాన కార్డు (కొత్త సంవత్సరానికి ఒక బైబిల్ వచనం రాసిన కార్డు) తీసుకుంటాం, చాలామందికి యిర్మీయా 29:11 వస్తుంది, సమాధానకరమైన ఉద్దేశాలే గాని హానికరమైనవి కావు అని. ఫ్రిజ్ మీద అంటించుకుంటాం. మార్చి వచ్చేసరికి ఉద్యోగం పోతే, మరి ఆ వాగ్దానం ఏమైంది అని కుంగిపోతాం. దాని పైన ఉన్న వచనాలు కూడా చదవండి దయచేసి. అది బబులోనుకి బందీలుగా వెళ్ళిన వాళ్ళకి రాసిన ఉత్తరం, వాళ్ళకి చెప్పిన గడువు 70 ఏళ్ళు. అంతవరకు దేవుడు ఏం చేయమన్నాడు? ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటి వాటి ఫలాలు తినండి, పిల్లలకి పెళ్ళిళ్ళు చేయండి, మీరున్న ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అన్నాడు. వచ్చే నెలకల్లా విడిపిస్తానని చెప్పలేదు, మర్చిపోలేదని మాత్రం చెప్పాడు. అలాగే "భయపడకుడి" అనే మాట బైబిల్లో 365 సార్లు ఉంది, రోజుకొకటి అని మెసేజ్‌లు తిరుగుతుంటాయి, లెక్కపెడితే అన్ని రావు. లెక్క తప్పినందుకు ఆ మాట బలం తగ్గదు, కానీ మన నమ్మకాన్ని అలాంటి లెక్కల మీద కట్టుకోవద్దు.

ఇప్పుడు ఒంటి సంగతి. ఏలీయా ప్రవక్త యెజెబెలు రాణికి భయపడి అరణ్యంలోకి పారిపోయి బదరీ చెట్టు కింద కూర్చుని, ఇక చాలు ప్రభువా, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవదూత వచ్చి ప్రసంగం చేయలేదు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ళు పెట్టి, లేచి తిను అన్నాడు. తిని మళ్ళీ పడుకున్నాడు, రెండోసారి కూడా లేపి పెట్టాడు, "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది" అని చెప్పి మరీ. కష్టంలో ఉన్నప్పుడు ఉపవాసం పెట్టుకోవాలనిపిస్తుంది, కానీ మూడు రోజులుగా నిద్ర లేనివాళ్ళకి, షుగర్ ఉన్నవాళ్ళకి నేను చెప్పేది ఒకటే, ముందు పెరుగన్నమైనా తిని పడుకోండి. విశ్వాసం పేరుతో బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు ఆపకండి. డిప్రెషన్ మందులు కూడా అంతే. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, గుండె దడ తగ్గకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్ళండి, ఏలీయా లాగా చచ్చిపోవాలనిపిస్తే ఆ రాత్రి ఒక్కరే ఉండకండి, ఇంట్లో ఎవరినైనా లేపండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అడగరు. అది అవిశ్వాసం కాదు, ఆ గొంతు మీకు ఆ రాత్రి దొరికిన రొట్టె అనుకోండి.

నమ్మడమంటే చేతులు కట్టుకుని కూర్చోవడం అనుకునేవాళ్ళకి మన ఒంగోలు కథ చెప్పాలనిపిస్తుంది. 1876 నుంచి 78 వరకు దక్షిణాదిలో ఘోరమైన కరువు వచ్చింది. అక్కడ మిషనరీగా ఉన్న జాన్ క్లౌ దొర ప్రార్థన మానలేదు, కానీ దాంతో ఆగలేదు, బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టుకి తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకి కూలి ఇచ్చాడు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని ఆ పని నడిచినంతకాలం బాప్తిస్మాలు ఇవ్వలేదు. తర్వాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నాకు ఇందులో ఎక్కువ నచ్చేది ఆ అంకె కాదు, గడ్డపార. మీ కాగితంలోని ఒక్కొక్క లైనుకీ రేపు పొద్దున చేయగలిగిన పని ఏదైనా ఉందేమో చూడండి. ఆసుపత్రి ఖర్చయితే కట్టేముందు ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్ళి ఆరోగ్యశ్రీ లాంటి ప్రభుత్వ పథకం కింద వస్తుందేమో అడగండి (మేము ఆ సంగతి ఆలస్యంగా అడిగాం, అప్పటికే అమ్మ గాజులు తాకట్టులో ఉన్నాయి). అప్పయితే ఎవరికెంత, వడ్డీ ఎంత అని ఒకచోట రాసి, వాళ్ళు ఇంటి మీదికి రాకముందే మీరే వెళ్ళి గడువు అడగండి. ఇంకొకరి అప్పుకి హామీ ఉండి ఇరుక్కున్నవాడికి సామెతలు 6వ అధ్యాయం చెప్పేది కూడా ఇదే, కంటికి నిద్ర రానివ్వకుండా వెళ్ళి బతిమాలుకో అని. చేయడానికి ఏ పనీ లేని లైన్లు మిగులుతాయి. అవి దేవుడివి.

ఒక్కరే మోయకండి. సంఘంలో అందరి ముందూ చెప్పనక్కర్లేదు, రహస్యం దాచగలిగిన ఇద్దరిని ఎంచుకోండి. పాస్టరు గారో అమ్మగారో, లేదంటే కష్టం చూసిన ఒక పెద్దావిడో. ఇంత కానుక వేస్తే నీ సమస్య తీరిపోతుంది అనేవాళ్ళకి ఒక్క రూపాయి ఇవ్వకండి. నీ ఇంట్లో ఏదో పాపం ఉండుంటుంది అనేవాళ్ళకి యోబు స్నేహితుల కథ గుర్తు చేయండి, ఆ ముగ్గురూ ఏడు రోజులు నేలమీద మౌనంగా కూర్చున్నంతసేపు బాగానే ఉన్నారు, నోరు తెరిచి యోబు కష్టాలకి అతని పాపమే కారణం అన్నాకే దేవుడికి కోపం వచ్చింది.

జవాబు రాకపోతే? ఇది రాయకుండా ఉంటే నేను మీకు అబద్ధం చెప్పినట్టే. పౌలు తన శరీరంలో ముల్లులా ఉన్న బాధ తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, తీయలేదు, "నా కృప నీకు చాలును" అన్న మాట మాత్రం దొరికింది. అదే పౌలు తన తోటి పనివాడు త్రోఫిమును జబ్బుతోనే మిలేతులో విడిచి రావాల్సి వచ్చింది. మా నాన్న ఆ ఆపరేషన్ నుంచి బయటపడ్డారు, మూడేళ్ళు మాతో ఉన్నారు, తర్వాత ఒక ఆదివారం తెల్లవారుజామున వెళ్ళిపోయారు. అమ్మ కొన్ని నెలలు ప్రార్థనలో "ఎందుకు" అని తప్ప ఇంకేం అడగలేదు. కానీ అడగడం మానలేదు, మందిరానికి వెళ్ళడం మానలేదు, పాటలప్పుడు నోరు కదిలించలేక పక్కవాళ్ళు పాడుతుంటే వింటూ కూర్చునేది. ఆమె నమ్మకం ఆ నెలల్లో ఆ చాప మీద కూర్చోవడంలోనే ఉందని నేను అనుకుంటాను.

ఇక ఈ రాత్రికి. నిద్ర పట్టకపోతే దొర్లకండి, లేచి లైటు వేసి గ్లాసుడు నీళ్ళు తాగండి. 56వ కీర్తన పైకి చదవండి. మార్కు 9లో జబ్బు పిల్లవాడి తండ్రి అన్న మాట మీరూ అనండి, "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము." సగం నమ్మకంతో వచ్చిన ఆయన కొడుకుని యేసు బాగుచేశాడు, పూర్తిగా నమ్మాక రమ్మనలేదు. పొద్దున్నే చేయాల్సిన ఒక్క ఫోన్ ఎవరికో కాగితం కింద రాసి పెట్టుకోండి. మీ మొబైల్‌ని పక్క గదిలో ఛార్జింగ్‌కి పెట్టి, వచ్చి పడుకోండి.